చిల్లులు పడ్డ ఆకు

రోజూ సాయంత్రం మా కోడలు రూప ఫోన్ చేసేది. అమ్రాబాద్ సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు తను. అక్కడ సిగ్నల్ దొరకాలంటే ప్రహరీ గోడ మూలకు పోయి నిలబడాలట. అట్లా నిలబడి, "చాయ్ తాగిన్రా మామయ్యా?" అని అడిగేది. తాగానని చెప్పి, "నువ్వు?" అనేవాణ్ని. తనూ తాగిందట. అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోయేవి.

మా అబ్బాయి సునీల్ పెళ్ళి అయ్యేనాటికే నా భార్య కరుణ లేదు. ఇంట్లో మిగిలింది మగవాళ్ళం ఇద్దరం. సునీల్ మందుల కంపెనీలో షిఫ్టులు చేసి వచ్చి పడుకుంటాడు. నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. జడ్చర్ల బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పినవాణ్ని. కానీ ఎదురుగా ఒక్క మనిషే ఉంటే నాకు మాటలు రావు. కరుణకు ఆ సంగతి తెలుసు కనుక నా వంతు కూడా తనే మాట్లాడేది. కొత్తగా వచ్చిన పిల్లకు ఎట్లా తెలుస్తుంది? మామయ్యకు నేను నచ్చలేదేమో అని సునీల్‌ను అడిగిందని తర్వాత తెలిసింది.

ఆ ఇబ్బందిని తీర్చింది ఒక మొక్క.

దాని పేరు మాన్‌స్టెరా. రూప నర్సింగు చదివే రోజుల్లో హైదరాబాదు హాస్టల్ కిటికీలో పెట్టుకోవడానికి కొన్నదట. అమ్రాబాద్‌లో తను ఉండే గదికి కోతుల బెడద. ఒక సెలవు దినం ఆ కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చి, మా ముందు గదిలో కిటికీ పక్కన దించింది. "మామయ్యా, జర దీన్ని చూసుకుంటరా?" అంది. నన్ను తను అడిగిన మొదటి పని అది.

ఆ మొక్క పెద్దయ్యాక ఆకులకు చిల్లులు పడతాయట. ఫోన్‌లో బొమ్మలు చూపించింది. అంచుల నుంచి నడిమి ఈనె దాకా చీలికలు, ఈనె పక్కన కోలగా చిల్లులు. పండక్కి పిల్లలు రంగు కాగితం మడిచి కత్తెరతో కత్తిరిస్తారే, అట్లా ఉంది. కానీ రూప మొక్కకు వచ్చినవన్నీ నిండు ఆకులే. తమలపాకు పెద్దదైతే ఎట్లుంటుందో అట్లా. నర్సరీ అతను వేరే మొక్క అంటగట్టాడని హాస్టల్ పిల్లలు నవ్వేవాళ్ళట.

"నవ్వితే నవ్విన్రు. మా అమ్మవాళ్ళది కిరాయి అర్ర మామయ్యా. ఓనరు గోడకు మొల కొట్టనియ్యకపోయేది, ఇంక కుండీ ఎక్కడ పెడ్తం? ఇది నా మొదటి చెట్టు. చిల్లులు వడేదాంక చూస్త" అంది రూప. నాతో తను అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి.

"చిల్లులు ఎందుకు పడతాయి?" అని అడిగాను, మాట అక్కడ తెగిపోకుండా.

"వానలు బాగ పడే అడవులల్ల పెద్ద చెట్లను పట్టుకొని ఎక్కుతదట ఇది. పై ఆకు ఎంత పెద్దగయితే కింది ఆకులకు అంత నీడ. అందుకని మీది ఆకు తనకు తానే చిల్లులు చేసుకుంటదట, కిందికి ఎండ దిగనీకె. నిజమో కాదో. గట్లనే రాసిన్రు."

నిజమో కాదో నాకూ తెలియదు. కానీ ఆ రోజు నుంచి దాన్ని చూసే కన్ను మారింది. బెంగళూరు రోడ్డు మీద పోయే లారీల దుమ్ము మా కిటికీలోంచి వచ్చి ఆకుల మీద పడుతుంది. పాత బనీను తడిపి, ఒక్కొక్క ఆకు కింద అరచేయి పెట్టి, పసిపిల్ల వీపు తుడిచినట్టు తుడిచేవాణ్ని. తుడవగానే ఆకు నిగనిగలాడేది. నీళ్ళు పోసిన మర్నాడు పొద్దున్నే ప్రతి ఆకు కొసనా ఒక బొట్టు నిలిచి ఉండేది. కొత్త ఆకు వచ్చే తీరు ఇంకా బాగుంటుంది. పాత ఆకు కాడలోంచే, చుట్టిన కాగితంలా సన్నగా, లేత పసుపు పచ్చగా బయటికి వస్తుంది. తొందరే ఉండదు. రోజుకు కొంచెం విప్పుకుంటుంది. చేత్తో ముట్టుకుంటే చెవి తమ్మె అంత మెత్తన. మాటలు లేని ఇంట్లో పొద్దున లేవగానే నిన్నటికంటే కొంచెం మారిన వస్తువు ఒకటి ఉండటం చిన్న సంగతి కాదు. మిగతావన్నీ పెట్టినచోటే, పెట్టినట్టే ఉంటాయి.

సాయంత్రం రూపకు చెప్పేవాణ్ని. ఎన్ని నీళ్ళు పోశానో, కాండం నుంచి గోధుమ రంగు వేరు ఒకటి గాలిలోకి ఎట్లా వేలాడుతున్నదో. తను అడిగేది, నేను చెప్పేవాణ్ని. మొక్క నుంచి మాట దవాఖాన మీదికి, అడవిలోని పెంటల నుంచి, అంటే చెంచు గూడేల నుంచి, వచ్చే బాలింతల మీదికి, తను వండుకున్న పప్పు మీదికి పోయేది. ఒక్కోసారి చాయ్ సంగతి అడగడం కూడా మరిచిపోయి నేరుగా "ఆకు ఎట్లుంది మామయ్యా?" అనేది.

ఎండలు ముదరక ముందు, ఒక సోమవారం పొద్దున, కొత్త ఆకు చుట్ట సగం విప్పుకుంది. అందులోంచి వెలుతురు కనపడింది. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాను. ఈనెకు పక్కన ఒక చిల్లు, దాని పైన ఇంకొకటి. ఒక అంచున చీలిక. లోపల చుట్టుకుని ఉన్నప్పుడే అన్నీ సిద్ధం చేసుకుని వచ్చింది. కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది.

రూప శనివారం వస్తుంది. ఫోన్‌లో చెప్పేస్తే ఏముంది? తలుపు తీసుకుని లోపలికి వచ్చి తన కళ్ళతో తనే చూడాలి. ఆ సాయంత్రం "కొత్త ఆకు వస్తాందమ్మా" అని మాత్రం చెప్పాను. ఫోటో అయినా తియ్యలేదు.

ఆ వారమే మా బావ ఐలేశం మా ఇంట్లో ఉన్నాడు. కరుణకు అన్న. కొత్తకోట అవతల పల్లెలో పత్తి పండిస్తాడు. రెండు కళ్ళల్లోనూ పొరలు వచ్చి, మహబూబ్‌నగర్ దవాఖానలో ముందు కుడి కన్ను ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చాడు. వచ్చిన రోజు ముందు గదిలో అడుగు పెడుతూనే కిటికీ వైపు చూసి, "ఎవలమ్మా, నిలవడ్డవేంది, కూసో" అన్నాడు మొక్కతో. అంత మసక ఉండేది ఆయనకు.

బుధవారం కట్టు విప్పారు. ఇంటికి వచ్చాక నల్లద్దాలు కొంచెం పైకెత్తి ఒక్కొక్కటీ చూడటం మొదలుపెట్టాడు. గోడ మీది పగుళ్ళు చూశాడు. కేలండర్ మీద అంకెలు చదివాడు. నా వైపు తిరిగాడు.

"బావా, ముసలోనివైపోయినవు గదా! ఒక్కలన్న నాకు చెప్పకపోతిరి."

"అద్దంలో నిన్ను నువ్వు చూసుకున్నావా?"

"వద్దు. గా పని ఊరికి పోయినంక చేస్త."

తర్వాత కరుణ ఫోటో ముందు నిలబడ్డాడు. నల్లద్దాలు మళ్ళీ పైకెత్తాడు. "చెల్లె గీ ఫోటోల నవ్వుతాంది బావా. నాకు ఇన్నేండ్ల సంది కనవడలే" అన్నాడు చివరికి. ఆయన వంటింట్లోకి పోయి నీళ్ళు తాగి వచ్చేదాకా నేను ఫోటో వైపు చూడలేదు.

గురువారం పొద్దున ఆయన కంట్లో వేసే మందు అయిపోతే మెడికల్ షాపుకు పోయాను. తిరిగి వచ్చేసరికి బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కూరగాయలు కోసే చాకు. ముఖం వెలిగిపోతున్నది.

"బావా, నీ చెట్టును బతికిచ్చిన!"

మొక్కకు తల లేదు. కాండం మీద తడిగా, తెల్లగా కోసిన గుర్తు. దాని కింద పాత నిండు ఆకులు మాత్రం ఉన్నాయి.

"పొద్దుగాల చూసిన. లేతాకు నిండ చిల్లులే. నీకు అద్దాలున్నా కనవడలే, నాకు ఒక్క కంటితోనే కనవడ్డది. పురుగు తలకాడనే గుడ్లు పెడ్తది. తల తుంచితే పీడ వోతది. మా పత్తికి గిదే పని జేస్తం. పోయినేడు జర ఆలస్యం జేసిన, కాయల్ల గులాబీ పురుగు వడి చేను చేనే పోయింది. నీకు గట్ల కావద్దని."

నా నోట మాట రాలేదు. మైకు ఉన్నా వచ్చేది కాదేమో.

"ఆ తల ఎక్కడ బావా?"

"పురుగు వట్టిన కొమ్మను చేన్ల ఉంచుతరా? గట్టు అవతల పారెయ్యాలె. మున్సిపాలిటీ బండి వస్తే దాన్ల ఏసిన."

చెత్త బండి పాట పక్క వీధిలోంచి వినపడుతున్నది. మందు సీసా చేతిలో ఉండగానే బయటికి ఉరికాను.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను జనానికి చెప్పిన మాట ఒకటే: ఉరకకండి, వెనక ఇంకో బస్సు ఉంది. నేను పరుగెత్తడం జడ్చర్లలో ఎవరూ చూడలేదు. మూల మీద చాయ్ కొట్టు శివకుమార్ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. "బెంజమిన్ సారూ, ఏ బస్సు వోతాంది?" అని అరిచాడు. చెప్పే ఊపిరి లేదు. చెయ్యి ఊపి ముందుకు పోయాను. పాట ఎడమ చేతి సందులోకి తిరిగింది. నేనూ తిరిగాను. ఒక చెప్పు జారిపోయింది. దాన్ని అక్కడే వదిలేశాను.

బండి ఒక గేటు ముందు ఆగి ఉంది. వెనక పోగయిన చెత్తను కళ్ళతోనే గాలించాను. ఆకుపచ్చ ఎక్కడా లేదు.

"ఏం పోయింది సారూ, గట్ల రొప్పుతున్నవు? బంగారమా?" అంది బండి మీది గోపమ్మ.

"ఆకు. ఒక ఆకు. చిల్లులున్నది."

గోపమ్మ, బండి నడిపే గుర్వయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుర్వయ్య గొంతు సవరించుకుని ముందు అద్దం వైపు చూపించాడు.

నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన తీగె పక్కన మా ఆకు నిలబడి ఉంది. కాడను తీగెలోకి దోపారు. పొద్దుటి ఎండ చిల్లుల్లోంచి దిగి గుర్వయ్య సీటు మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నది. మా కిటికీలో ఉన్నప్పుడు కూడా అంత అందంగా లేదు.

"గిసొంటిది చెత్తల ఎవలన్న ఏస్తరా?" అంది గోపమ్మ. "ముసలాయన ఏసిండు, నేను తీసి పెట్టుకున్న. అప్పటి సంది ఇంటింటికి ఇదేం ఆకు అని అడుగుతున్నరు. మా బండికి అందరు ముక్కు మూసుకొని వస్తరు సారూ, గివాళ్ళ నవ్వుకుంట వచ్చిన్రు. ఇంట్ల టీవీ పక్కన పెట్టుకుందమనుకున్న."

అది నాదని గట్టిగా అడగడానికి నోరు రాలేదు. మా ఇంట్లోవాళ్ళే పారేశారు, ఆమె ఏరుకుంది. అందుకని ఉన్న సంగతి చెప్పాను. కోడలి మొదటి చెట్టని, ఈ ఆకు కోసమే ఎన్నో రోజులుగా చూస్తున్నదని, శనివారం వస్తుందని.

గోపమ్మ నా కాళ్ళ వైపు చూసింది. ఒక కాలికి చెప్పు లేదు.

"అత్తకు బయపడి కోడండ్లు ఉరుకుడు చూసిన గని, కోడలి కొరకు మామ ఉరుకుడు గిప్పుడే చూస్తున్న" అంటూ ఆకును తీగెలోంచి మెల్లగా తీసింది. కాడ కింద చిన్న కాండం ముక్క, దానికి ఆ గోధుమ రంగు వేరు ఇంకా ఉన్నాయి. "తీస్కపో. మొలిస్తె మాత్రం నాకొక కొమ్మ ఇయ్యాలె. మరిచినవంటే మీ గేటు కాడ బండి ఆగది."

ఇస్తానన్నాను. చెప్పును వెతుక్కుంటూ, ఆకును గొడుగులా పట్టుకుని ఇంటికి వచ్చాను.

"పురుగు వట్టినదాన్ని మల్ల ఇంట్లకు తెచ్చినవా?" అని బావ అడ్డం వచ్చాడు. కూర్చోబెట్టి చెప్పాను. ఇది దీని జాతి గుణమని, చిల్లులు రావాలనే చూస్తున్నామని, ఇది రూపదని. ఆయన నమ్మలేదు. ఆకును మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కో చిల్లు అంచు మీద వేలు తిప్పాడు. రెండు మూడింటి దగ్గర అట్లా తిప్పి ఆగిపోయాడు.

"పురుగు కొరికితే అంచు గరుకుగ ఉంటది. ఎండుతది. ఇది కుట్టినట్టున్నది." గొంతు తగ్గిపోయింది. "నేను చూపుతోనే చూసిన బావా. చేతితో చూస్తె తెలుస్తుండె."

గాజు సీసాలో నీళ్ళు పోసి, కాడ మునిగేట్టు ఆకును కిటికీలో పెట్టాను. బావ ఆ రోజు అన్నం సగమే తిన్నాడు. శుక్రవారం సంచి సర్దుకున్నాడు.

"వారం ఉండమన్నారు కదా. సోమవారం డాక్టరుకు చూపించాలి."

"ఊర్లె చూపిచ్చుకుంట. రేపు పిల్ల వచ్చెటాలకు నేను ఉండద్దు. కరుణ ఉంటే కోడలికి ఇంత పసుపు కుంకుమో, చీరో పెట్టేది. నేను అన్ననై ఉండి ఏం పెట్టిన? ఉన్న ఒక్క ఆకు కోసిన. నా మొకం ఎట్ల చూపియ్యాలె?"

"కొత్తకోటకు ఇప్పుడు బస్సులు లేవు బావా" అన్నాను.

"హైవే మీద నిలవడితే బస్సు మీద బస్సు. నాకే చెప్తున్నవా?"

ఉద్యోగంలో గానీ, తర్వాత గానీ నేను చెప్పిన ఒకే ఒక్క అబద్ధపు టైమింగ్ అది. దాన్ని కూడా ఎవరూ నమ్మలేదు.

సునీల్ షిఫ్టు నుంచి వచ్చి మామయ్య సంచిని అల్మారా పై అరలో పెట్టి తాళం వేసుకుపోయాడు. దాంతో శనివారం మధ్యాహ్నానికి బావ ముందు గదిలో, నల్లద్దాలు పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నేను మనసులో ఒక వాక్యం తయారు చేసుకున్నాను: గాలికి కుండీ పడి తల విరిగిందమ్మా. చాలాసార్లు అనుకున్నాను. బస్సు పేర్లలాగా నోటికి వచ్చేసింది.

కల్వకుర్తి మీదుగా వచ్చే బస్సు దిగి రూప వచ్చింది. చెప్పులు విడుస్తూనే కిటికీ వైపు చూసింది. తల లేని మొక్కను చూసింది. ఆగిపోయింది.

"గాలికి..." అన్నాను.

"గాలి కాదు బిడ్డా" అన్నాడు బావ, గోడ వైపు నుంచి తిరగకుండానే. "నేను కోసిన. పురుగు అనుకున్న. మీ మామ తప్పేం లేదు, పాపం చెత్త బండి ఎంబడి ఉరికిండు."

రూప సీసా దగ్గరికి పోయి కిందికి వంగింది. ఆకు వెనకాల చెయ్యి పెట్టింది. చిల్లులోంచి తన వేలి కొస బయటికి కనపడింది. ఆ వేలినే అట్లా చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు గానీ, కళ్ళు తుడుచుకుంది.

తర్వాత సీసాను రెండు చేతులతో ఎత్తి, బావ ముందు స్టూలు మీద పెట్టింది.

"పెద్దబాపూ, అద్దాలు తియ్యిన్రి."

"ఎందుకు బిడ్డా?"

"తియ్యిన్రి. ఎడమ కన్ను చేతితో మూసుకోన్రి." దవాఖాన గొంతు అది. నాతో ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. బావ బుద్ధిగా మూసుకున్నాడు. "ఈ పెద్ద చిల్లు కనవడుతుందా?"

"కనవడుతుంది."

"దీని మీద?"

"ఇంకొకటి. పొడుగ్గున్నది."

"ఈనెకు ఆనుకొని ఏమన్న ఉన్నదా?"

బావ ముందుకు వంగాడు. "ఉన్నది. సూది మొనంత. గదాని కింద గసొంటిదే ఇంకొకటి."

రూప ఆకును వెలుతురు వైపు తిప్పి, దగ్గరికి పెట్టుకుని వెతికింది. నేనూ వంగి చూశాను. నిజమే, ఈనెను ఆనుకుని వెలుతురు చుక్కలు రెండు. నాకు కనపడలేదు. ఆకును సోమవారం నుంచి చూస్తున్నవాణ్ని.

"నాకే కనవడలే పెద్దబాపూ!" రూప నవ్వింది. "మంచిగ చేసిన్రు ఆపరేషన్. ఎడమ కన్ను ఎప్పుడు?"

"అది... చూద్దాం బిడ్డా."

"చూసుడు కాదు. వానలు పడకముందే రావాలె. అప్పటికి దీనికి ఏర్లు వస్తయి. కోసినోళ్ళే నాటాలె. మీ చేతి మన్ను, నా చెట్టు. పత్తి నాటే చేయి గదా, పడుతది." తర్వాత నా వైపు తిరిగి, "మామయ్యా, నిజంగ ఉరికిన్రా?" అంది.

"ఒక చెప్పుతో" అన్నాను.

ఆ సాయంత్రం ముగ్గురం ఆ సీసా చుట్టూ కూర్చుని చాయ్ తాగాం. గోపమ్మ మాట చెప్పినప్పుడు రూప చాయ్ కొంగు మీద ఒలకబోసుకునేంత నవ్వింది. తను నవ్వితే గొంతు ఎట్లుంటుందో ఫోన్‌లో అంతకు ముందు నాకు తెలియలేదు. బావ సంచిని సునీల్ దించి ఇచ్చాడు, కానీ సోమవారం డాక్టరు చూసేదాకా ఎవరూ దాన్ని మళ్ళీ సర్దలేదు.

సీసాలో తెల్లటి వేర్లు వచ్చాయి. ఎండాకాలం చివర బావ రెండో కన్ను చేయించుకోవడానికి వచ్చి, ఎరువు కలిపిన మట్టిలో కొమ్మను నాటి, చుట్టూ బొటనవేలితో నొక్కాడు. కోసిన మొక్క కూడా ఊరుకోలేదు. మొండెం పక్కన ఒక పిలక లేచింది, కింద ఇంకొకటి. "చూసినవా, తల తుంచితే పక్క కొమ్మలు వస్తయి" అన్నాడు బావ, కొంచెం ధైర్యం తెచ్చుకుని. గోపమ్మ బండి మా గేటు దగ్గర ఇంకా ఆగుతున్నది. చెత్త డబ్బా తీసుకుంటూ ఆమె లోపలికి తొంగి చూస్తుంది. ఆమె వంతు పిలక ఏదో చూపించాను. ఇంకొంచెం ముదరాలి.

ఇప్పుడు సాయంత్రం పూట నాకు రెండు ఫోన్లు వస్తాయి. రూప ఫోన్ అయిపోగానే బావ ఫోన్. ఆయనది పాత బటన్ల ఫోను, బొమ్మలు పంపినా పోవు. మొన్న చేనులోంచే చేశాడు. వెనకాల వాన చప్పుడు.

"పత్తి ఎట్లుంది బావా?" అన్నాను.

"మంచిగనే ఉంది. ఆకు ఆకు తిప్పి చూస్తున్న, ఒక్క చిల్లు లేదు దేవుని దయ. గది ఇడిశిపెట్టు. నేను నాటినదానికి కొత్తాకు వస్తాందంటివి గదా. ఇప్పిందా?"

"సగం విప్పింది."

"మరి చిల్లులు వడ్డయా?"

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కిటికీ దాకా నడిచాను. లేత ఆకు కింద అరచేయి పెట్టి, వెలుతురు వైపు కొంచెం ఎత్తాను.

"ఆగు బావా, చూసి చెప్తాను" అన్నాను.